వాహన చోదన - వయస్సు, అనుమతి, బాధ్యత

లైసెన్సు అనే మాటకు అనుమతి అని అర్థం. ఉర్దూలో దీనినే ఇజాజత్ అంటారు. అనుమతి ఒకరు ఇవ్వగా మరొకరు పొందేది. ఎవరికి వారు తీసుకొనేది కాదు. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసం అవసరమా అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చు. అవసరమేనని ఒక అనుభవం మాకు తెలియజేసింది.

ఒకనాడు ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం తరగతిలో, మోటారు బండ్లపై కళాశాలకు వచ్చేవారిని చేతులెత్తమన్నాము. పదిహేను చేతుల దాకా లేచాయి. లైసెన్సు ఉన్నవారు మాత్రమే ఎత్తి ఉంచండి అన్నాము. అన్ని చేతులూ దిగిపోయాయి. వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థి లేచి, "లైసెన్సు మా భాయ్ దగ్గర ఉంది సార్" అన్నాడు. తరగతి అంతా నవ్వింది, మేమూ నవ్వాము. తరువాత ఆలోచించగా అందులో నవ్వదగినది ఏమీ లేదనిపించింది. బండి అన్నయ్యది, లైసెన్సు అన్నయ్యది. ప్రమాదంలో పడే ప్రాణం మాత్రం తమ్మునిది.

మన దేశంలో వాహన చోదనను నియంత్రించే శాసనం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. ఇది 1939 నాటి పాత చట్టం స్థానంలో వచ్చి, 1989 జూలై 1 నుండి అమలులోనికి వచ్చింది. దీని నాలుగవ సెక్షను ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారు బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడుపరాదు. లారీ, బస్సు, టాక్సీ వంటి రవాణా వాహనాలకు 20 సంవత్సరాలు నిండవలెను. ఒక్క మినహాయింపు కలదు. ఇంజను సామర్థ్యం 50 సి.సి.కి మించని మోటారు సైకిలును 16 సంవత్సరాలు నిండినవారు నడుపవచ్చు. అయితే వారికి కూడా లైసెన్సు కావలెను. సంరక్షకులు వ్రాతపూర్వకంగా సమ్మతి తెలుపనిదే లెర్నరు లైసెన్సు సైతం లభించదు.

ఈ మినహాయింపును ఆధారం చేసుకొని ఒక అపోహ వ్యాపించింది. గేర్లు లేని స్కూటరును 16 సంవత్సరాలకే నడుపవచ్చునని మన విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కూడా నమ్ముతున్నారు. చట్టం చూచేది గేరును మాత్రమే కాదు, ఇంజను సామర్థ్యాన్ని కూడా. నేడు మన వీధులలో కనిపించే గేర్లు లేని స్కూటర్లు చాలా వరకు 110 లేక 125 సి.సి. సామర్థ్యం గలవి. కనుక వాటికి 18 సంవత్సరాలు నిండవలసిందే. బ్యాటరీ బండ్ల విషయంలోనూ ఇటువంటి పొరపాటే జరుగుచున్నది. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగమూ, 250 వాట్ల లోపు శక్తీ గల చిన్న బండ్లను మాత్రమే నియమాలు మోటారు వాహనాలుగా పరిగణించలేదు. అంతకు మించినవన్నీ మోటారు వాహనాలే; వాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు తప్పవు.

లైసెన్సు ఒక్క దినములో చేతికి వచ్చేది కాదు. మొదట రహదారి గుర్తులను, నియమాలను గురించిన పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి లెర్నరు లైసెన్సు ఇస్తారు. దీని గడువు ఆరు నెలలు. ఈ కాలంలో బండికి ముందు వెనుకల తెల్లని పలకపై ఎర్రని 'ఎల్' అక్షరం ఉండవలెను. లైసెన్సు గల శిక్షకుడు ప్రక్కన ఉండి నేర్పవలెను. ద్విచక్ర వాహనంపై నేర్పే వ్యక్తిని తప్ప మరొకరిని ఎక్కించుకొనరాదు. అనగా లెర్నరు లైసెన్సు జేబులో పెట్టుకొని స్నేహితుని వెనుక కూర్చుండబెట్టుకొని రావడం నియమోల్లంఘనమే. కనీసం 30 దినాలు గడిచిన పిమ్మట రవాణా శాఖ కార్యాలయంలో చోదన పరీక్షకు హాజరు కావచ్చు.

ఇక ఉల్లంఘన ఫలితాలు. 2019లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించి 199-ఎ అనే కొత్త సెక్షనును చేర్చింది. మైనరు బండి నడిపి నేరం చేసిన పక్షంలో, అతని సంరక్షకుడు లేక బండి యజమాని దోషిగా పరిగణింపబడతాడు. శిక్ష మూడు సంవత్సరాల వరకు కారాగారం, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దవుతుంది. నడిపిన మైనరుకు 25 సంవత్సరాలు నిండే వరకు లైసెన్సు లభించదు. పెద్దల సమ్మతితోనే బండి తీశాడని న్యాయస్థానం భావిస్తుంది. తమకు తెలియకుండా జరిగినదనో, తాము తగిన జాగ్రత్త తీసుకొన్నామనో రుజువు చేసుకొనే భారం పెద్దలదే.

ఈ సెక్షను మన ఇండ్లలో ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. దుకాణం విడిచి రాలేని తండ్రి బండి తాళం కుమారునికి ఇస్తాడు. తండ్రి గల్ఫు దేశంలో ఉన్న ఇంటిలో చెల్లెలిని బడిలో దింపడం, సరుకులు తేవడం పదహారేండ్ల బాలుని పని అవుతుంది. అటువంటి ఇంటిలో ఏదైనా జరిగితే న్యాయస్థానం మెట్లు ఎక్కవలసినది తల్లి కావచ్చు, లేదా బండి తన పేర ఉన్న మామయ్య కావచ్చు. ఉద్యోగం కొరకు డ్రైవింగు లైసెన్సు అవసరమైన వయస్సులో ఆ బాలునికి అది దొరకదు.

ఇన్సూరెన్సు ఉన్నది కదా అని కొందరు ధైర్యపడతారు. లైసెన్సు లేనివానికి తెలిసి బండి ఇచ్చినపుడు, కంపెనీ మొదట బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ సొమ్మును యజమాని నుండి తిరిగి రాబట్టుకొనే అవకాశం కలదు. 2004లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని విపులీకరించింది. ఒక ప్రమాదానికి పరిహారం లక్షలలో ఉండవచ్చు. దానిని చెల్లించడానికి ఇల్లు అమ్ముకొనే స్థితి రావచ్చు.

పదునేడేండ్ల యువకునికి చూపు చురుకైనది, చేతులు వేగమైనవి. మరి ఈ నిర్బంధం ఎందుకు? చట్టం శంకించేది చేతి నైపుణ్యాన్ని కాదు, అపాయాన్ని ముందుగా అంచనా వేసే అనుభవాన్ని. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. ఎదుట గేదె కనబడి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకును నొక్కే లోపలనే ఆ దూరం గడచిపోతుంది. వేగం రెండింతలైతే బ్రేకు పట్టిన తరువాత ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. రాత్రివేళ, స్నేహితులు వెంట ఉన్నప్పుడు కొత్త చోదకుల ప్రమాదాలు పెరుగుతాయని అనేక దేశాల పరిశీలనలలో తేలినది. అందుకే న్యూజీలాండు 1987లో దశలవారీ లైసెన్సు విధానాన్ని ప్రవేశపెట్టింది. దాని రెండవ దశలో యువకుడు ఒంటరిగా నడుపవచ్చు గాని, రాత్రి 10 గంటల నుండి ఉదయం 5 గంటల వరకు నడుపరాదనీ, అనుభవజ్ఞుడు ప్రక్కన లేనిదే ఇతరులను ఎక్కించుకొనరాదనీ నియమం పెట్టారు.

మన చట్టంలో ఆ మధ్య దశ లేదు. పరీక్షలో ఉత్తీర్ణుడైన మరునాడే ముగ్గురు స్నేహితులతో కారులో రాత్రి ప్రయాణానికి బయలుదేరినా అడిగేవారు లేరు. ఆ లోటును పూరించవలసినది ఇల్లు, కళాశాల. లైసెన్సు వచ్చిన మొదటి సంవత్సరం రాత్రివేళ బండి ఇవ్వకపోవడం, ద్విచక్ర వాహనంపై వెనుక ఒకరికి మించి ఎక్కనీయకపోవడం, నడిపేవారికీ వెనుక కూర్చొనేవారికీ హెల్మెటు లేనిదే తాళం చేతికి ఇవ్వకపోవడం - వీటిలో చివరి రెండూ చట్టం చెప్పినవే, మొదటిది పెద్దల వివేకానికి విడిచినది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం రెండు మాటలు. లైసెన్సు చూపిన విద్యార్థుల బండ్లకే ఆవరణలో స్థలం ఇవ్వాలి. ప్రతి సంవత్సరం రవాణా శాఖ అధికారిని ఆహ్వానించి, తల్లిదండ్రుల సమక్షంలో ఈ నియమాలు చెప్పించాలి. అయితే నిషేధంతోనే సరిపెట్టడం న్యాయం కాదు. దూరం నుండి వచ్చే పిల్లలకు తరగతి వేళలకు సరిపడునట్లు బస్సు నడుపవలసిందిగా ఆర్టీసీ డిపోకు కమిటీ తరఫున లేఖ వ్రాయవలసి ఉన్నది.

ఆనాడు వెనుక బెంచీ నుండి సమాధానం చెప్పిన విద్యార్థి ఇప్పుడు రెండవ సంవత్సరంలో ఉన్నాడు. మొన్న వరండాలో ఎదురై, పద్దెనిమిది నిండడానికి తనకు ఇంకా ఏడు నెలలున్నదని, అంతవరకు బస్సులోనే వస్తున్నానని చెప్పాడు. బస్సు ఆలస్యమైన దినాలలో అతని హాజరు విషయంలో మేము కొంత ఉదారంగా ఉండదలచినాము.