మూడు సెకన్ల గొట్టం

ట్రిగ్గర్ నొక్కాక బుల్లెట్ రైఫిల్ గొట్టంలో ఉండేది దాదాపు ఒక మిల్లీసెకను. మూడు వేల తూటాలు కాల్చినా మొత్తం కలిపితే మూడు సెకన్లే. వేగం పిచ్చి ఉన్నవాళ్ల చేతిలో పడితే గొట్టం సర్వీసు ఇంచుమించు అంతే!

రాజోలు కుర్రాడికి ఈ గోలెందుకంటారా? డాలస్‌లో కోడ్ రాసుకునే నాకు ఇది ఆఫీసు ఫ్రెండ్ అంటించాడు. వెస్ట్ టెక్సస్‌లో వాళ్లకి పశువుల రాంచ్ ఉంది. అక్కడ ప్రెయిరీ డాగ్స్ బెడద. పేరుకే కుక్క, నిజానికి బొరియల్లో ఉండే ఉడుత జాతి. కొబ్బరి చెట్టెక్కి పిందెలు కొరికే ఎలుకల మీద మనకెంత మంటో, పచ్చిక మేసేసే వీటి మీద వాళ్లకంత. (వీటిని తిని బతికే నల్లకాళ్ల ఫెర్రెట్ అసలే అరుదు. అందుకే మొత్తం ఊడ్చేయాలంటే నేనొప్పుకోను.) వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ తుపాకీ పట్టాలంటే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉండాలి. అది తీసుకున్నాకే వెళ్లాను.

రెండు మూడు వందల గజాల దూరంలో, జానెడు జంతువు. బుల్లెట్ ఎంత వేగంగా వెళ్తే అంత తిన్నగా పోతుంది. అందుకే మావాడు ఖాళీ కేసుల్లో మందు తనే తూచి నింపుకుంటాడు. (మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే ఆయుధాల చట్టం కింద నేరం. ట్రై చేయొద్దు.)

గొట్టం బుల్లెట్ రాపిడికి అరిగిపోతుందనుకునేవాణ్ణి. రాపిడి కన్నా మంటే ఎక్కువ తింటుందట. ఉక్కు కరిగేది 1,500 డిగ్రీల దగ్గర. మందు మండితే వచ్చే వాయువు వేడి 2,000 డిగ్రీలు దాటేస్తుంది. క్షణంలో వెయ్యో వంతు కాబట్టి గొట్టం కరగదు. కానీ తూటా కూర్చునే గది దాటగానే ఉండే చోట, అంటే గొంతు దగ్గర, లోపలి గోడ కోతలయ్యాక ఎండిన వరిమడిలా నెర్రెలిస్తుంది. గురి చెదరడం అక్కడ మొదలవుతుంది.

ఇక్కడ లెక్క చూడండి. .223 రెమింగ్టన్ తూటాలో మందు సుమారు 1.6 గ్రాములు, బుల్లెట్ వేగం సెకనుకు 990 మీటర్లు. .22-250లో మందు 2.3 గ్రాములు, వేగం 1,120. రెండింటికీ గొట్టం రంధ్రం ఒకటే, 5.7 మిల్లీమీటర్లు. అంటే 13 శాతం వేగం కోసం అదే సందులోంచి 40 శాతానికి పైగా ఎక్కువ మంట తోస్తున్నాం! 1935లో వించెస్టర్ తెచ్చిన .220 స్విఫ్ట్ ఇంకా దూకుడు, 1,250 మీటర్లు. దానికి గొట్టాలు తినేస్తుందన్న పేరు ఇప్పటికీ పోలేదు.

మావాడి వాదన వేరు. "గొట్టం కారు టైరు లాంటిది, అరిగితే మార్చాలి" అంటాడు. కొత్తది బిగించాలంటే వందల డాలర్లు మరి! నాకైతే పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ మందుకి బాగా కింద ఆగిపోవడమే తెలివి. ఆ కాస్త వేగం తగ్గిందని ప్రెయిరీ డాగ్‌కి తెలియదు. అంతకన్నా ముఖ్యం, వేడి గొట్టంతో కాల్చకపోవడం. వరసగా జంతువులు కనిపిస్తుంటే చెయ్యి ఆగదు, గొట్టం చచ్చేది అప్పుడే. చెయ్యి ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఆపేయాలి. రెండు రైఫిళ్లు మార్చి మార్చి వాడటం ఇంకా మేలు. దగ్గరి వాటికి .223 చాలు. ఎన్ని కాల్చామో ఒక షీట్‌లో రాసుకోవాలి (ఇది నా డ్యూటీ). శుభ్రం చేసే కడ్డీ కూడా వెనక నుంచి, గైడ్ పెట్టే దూర్చాలి. అడ్డదిడ్డంగా తోస్తే మంట చేయని డ్యామేజీ అది చేస్తుంది.

గొంతు పోయినా కథ అయిపోదు. మంచి గన్‌స్మిత్ దొరికితే వెనక వైపు ఒక అంగుళం కోసి, కొత్తగా గది తొలిచి ఇస్తాడు. మరికొన్ని వందల తూటాలకి ఆయుష్షు.

సెలవులకి రాజోలు వెళ్లినప్పుడు ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఆయన దగ్గర పంట కాపలాకి లైసెన్స్ ఉన్న ట్వెల్వ్ బోర్ ఉంది. ".22-250లో ఒత్తిడి 65,000 పీఎస్ఐ దాకా వెళ్తుంది, నీదాన్లో 11,500 దాటదు, గొట్టం కాలదులే" అన్నాను.

"కాలడం కాదురా, తుప్పు సంగతి చెప్పు" అన్నాడు.

నిజమే, గోదావరి తేమ, సముద్రపు ఉప్పుగాలి. ఆయన ఏడాదికి రెండు తూటాలు కూడా కాల్చడు. ఎన్నికలొస్తే తుపాకీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి, నెలల తరబడి అక్కడే ఉంటుంది. ఇచ్చే ముందు గొట్టంలోంచి నూనె గుడ్డ ఒకసారి లాగుతాడు, ఇంటికి తెచ్చుకున్న రోజు మళ్లీ ఒకసారి.