మీకు తెలుసా? గుండె కష్టంలో నొప్పిది ఆఖరి వరుస

గుండెకు రక్తం తగ్గితే ముందుగా తెలిసేది ఛాతీ నొప్పి అనుకుంటాం. నిజానికి అంతకన్నా ముందే గుండె గోడ కదలిక మారిపోతుంది.

1935లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాబర్ట్ టెనంట్, కార్ల్ విగర్స్ ఈ సంగతి కళ్లారా చూశారు. కుక్క గుండె మీద ఒక కరోనరీ నాళాన్ని బిగించగానే, దాని రక్తంతో బతికే భాగం సుమారు నిమిషంలోనే ముడుచుకోవడం మానేసింది. అంతటితో ఆగలేదు. మిగతా గుండె బిగిసిన ప్రతిసారీ ఆ భాగం బయటికి ఉబ్బింది! లోపల పెరిగిన ఒత్తిడికి ఎదురు నిలవలేక సాగిపోయిందన్నమాట. బాగున్న కండరం పడే కష్టంలో కొంత రక్తాన్ని ముందుకు నెట్టడానికి కాకుండా ఆ ఉబ్బును సాగదీయడానికే పోతుంది.

ఇంత తొందరగా ఎందుకు? మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె కండరం తనకొచ్చే రక్తంలోని ఆక్సిజన్‌ను దాదాపు 70 శాతం లాగేసుకుంటుంది. అవసరానికి అదనంగా పిండుకోవడానికి అందులో మిగిలేది కొంచెమే. అందుకే రక్తం తగ్గితే దెబ్బ వెంటనే తగులుతుంది.

ఇంకో విశేషం. ముడుచుకోవడానికే కాదు, వదులవడానికీ గుండెకు శక్తి కావాలి. కండర కణంలో కాల్షియాన్ని తిరిగి దాని అరలోకి తోడిపోయాలి, ఆ తోడే పనికి ఇంధనం ఖర్చవుతుంది. అందుకే సాధారణంగా మొదట చెడేది వదులు కావడం. తర్వాత ముడుచుకోవడం, ఆ తర్వాత ఈసీజీలో మార్పు, అన్నిటికన్నా చివర నొప్పి. షుగరు ఉన్నవాళ్లలో కొందరికి ఆ నొప్పి కూడా రాదు.

నాకు అన్నిటికన్నా ఆశ కలిగించే సంగతి వేరే ఉంది. కదలని కండరమల్లా చచ్చిపోయినట్టు కాదు. నాళం తెరుచుకుని రక్తం అందినా కొన్ని గంటలు, కొన్ని రోజులు కదలకుండా ఉండిపోయి, మెల్లగా కోలుకునే కండరం ఉంటుంది. 1982లో బ్రౌన్‌వాల్డ్, క్లోనర్ దీన్ని దిమ్మెరపోయిన కండరం అన్నారు. చాలాకాలంగా రక్తం చాలక, పని తగ్గించుకుని ప్రాణం నిలుపుకునే కండరమూ ఉంది. ఈ నిద్రాణస్థితి గురించి వైద్యలోకానికి గట్టిగా చెప్పినవారు బొంబాయిలో పుట్టిన షాబుద్దీన్ రహీంతూలా. తక్కువ మోతాదులో డోబుటమిన్ మందు ఇచ్చి ఎకో తీస్తే, అలాంటి గోడ మళ్లీ కదిలి, బతికే ఉన్నానని చెబుతుంది. రక్తం సరిగా అందిస్తే చాలామందిలో అది తిరిగి పనిలో పడుతుంది.

కానీ నాళం పూర్తిగా మూసుకుని అలాగే ఉండిపోతే, గోడ లోపలి పొర నుంచి బయటి పొర వైపు కండరం చచ్చిపోతూ వస్తుంది. కాబట్టి ఛాతీ మీద బరువు, దవడకో చేతికో లాగడం, కారణం లేని ఆయాసం, చల్లని చెమట కనబడితే గ్యాస్ అయ్యుంటుందిలే అని సోడా తాగి పడుకోకండి. నొప్పి ముదిరేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.