రంగు చెప్పే రహస్యం

పిల్లలూ! ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరుగారు కఫమో, మూత్రమో పరీక్షకు పంపించమనటం మీరు వినే ఉంటారు. ఆ పరీక్షాశాలలో ఏం చేస్తారో తెలుసా? గాజుపలక మీద రంగులు వేస్తారు! జబ్బుకూ రంగుకూ ఏమిటి సంబంధం అంటారా? చెబుతాను, వినండి.

బాక్టీరియా అనే సూక్ష్మజీవులు మన చుట్టూ అంతటా ఉన్నాయి. చాలా రకాల వల్ల మనకు ఏ కీడూ లేదు. పాలు పెరుగుగా తోడుకునేది వీటివల్లనే. కొన్ని రకాలు మాత్రం జబ్బులు తెస్తాయి. ఇవి ఎంత చిన్నవంటే, సుమారు వెయ్యింటిని వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు పొడవు అవుతుంది!

సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని పూసల్లా గుండ్రంగా కనిపిస్తాయి. వీటిని కాకస్ అంటారు. సెగగడ్డలు లేపే స్టాఫిలోకాకస్ ద్రాక్షగుత్తిలా ఉంటుంది. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ పూసలదండలా ఉంటుంది. కొన్ని పుల్లల్లా ఉంటాయి, అవి బాసిల్లస్‌లు. కలరా క్రిమి కామా గుర్తులా వంగి ఉంటుంది.

అయితే ఆకారం ఒక్కటే చాలదు. టైఫాయిడు తెచ్చేదీ పుల్లే, ధనుర్వాతం తెచ్చేదీ పుల్లే. మరి వేరుచేసేదెలా?

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్కు వైద్యుడు బెర్లిన్ నగరంలో, న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తులను పరీక్షిస్తున్నాడు. క్రిములు స్పష్టంగా కనిపించాలని ఆయన వాటికి ఊదారంగు పట్టించి, అయొడిన్ వేసి, ఆల్కహాలుతో కడిగాడు. కొన్ని రకాలకు రంగు నిలిచింది. కొన్నిటికి వెలిసిపోయింది! వెలిసిపోయినవి కూడా కనిపించేందుకు, తరవాతివారు చివర ఎర్రరంగు వేశారు. తన పద్ధతిలో లోపాలున్నాయని గ్రామ్ స్వయంగా రాసుకున్నాడు. అయినా ఈనాటికీ ప్రపంచమంతటా అదే వాడుతున్నారు.

ఈ తేడాకు కారణం బాక్టీరియా గోడ. ఊదాగా నిలిచేవాటికి గోడ మందం. అది రంగును పట్టి ఉంచుతుంది. వీటిని గ్రామ్ పాజిటివ్ అంటారు. ఎర్రగా కనిపించేవాటికి గోడ పలచన, కాని దానిపైన మరొక పొర ఉంటుంది. ఇవి గ్రామ్ నెగెటివ్. పెనిసిలిన్ ఈ గోడను కట్టుకోనివ్వదు. కాని రెండో రకంలో చాలావాటి పైపొర దాన్ని లోపలికి రానివ్వదు. అంటే కొద్ది నిమిషాల రంగుపని, ఏ మందు వెయ్యాలో డాక్టరుకు దారి చూపుతుందన్న మాట! క్షయ క్రిమి మాత్రం వేరు. దానికి మైనంలాంటి కవచం ఉండటంచేత ఈ రంగు సరిగా పట్టదు. వేరే పద్ధతి కావాలి.

రెండు రకాల మీదా పనిచేసే మందు లేదా? ఉంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు డైరెక్టరుగా ఉన్నప్పుడు, అక్కడ బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్ అనే అటువంటి మందు కనిపెట్టాడు. 1948లో అది లోకానికి తెలిసింది.

కాని పిల్లలూ, ఎంత గొప్ప మందయినా తగిన శత్రువు మీదనే పనిచేస్తుంది. జలుబు తెచ్చేవి వైరస్‌లు. ఈ మందులు వాటిని ఏమీ చెయ్యలేవు. అనవసరంగా మందు వాడిన కొద్దీ, దానికి లొంగని బాక్టీరియా మిగిలి పెరుగుతుంది. అందుచేత పక్కింటివారికి నయం చేసిన మాత్ర మనకెందుకు పనికిరాదని ఎవరైనా అడిగితే, ఈ రెండు రంగుల సంగతి వారికి చెప్పండి!