జానపద చిత్రములలో వాద్యసంగీతము - అద్భుతరస పోషణము

జానపద, పౌరాణిక చలనచిత్రములను విమర్శించునపుడు మనము తరచుగా కథను, సంభాషణములను, పాటల సాహిత్యమును విచారింతుము. మాట లేని తావుల మ్రోగు వాద్యబృంద సంగీతమును సాంకేతిక విషయముగా నెంచి విడిచిపెట్టుదుము. కాని కంటికి గనబడు మాయను హృదయముచేత నమ్మించునది ఆ సంగీతమే యని మా యభిప్రాయము.

అద్భుతరసమునకు స్థాయిభావము విస్మయమని భరతుడు చెప్పెను. కేవలము వింతను జూచుటవలన గలుగు ఆశ్చర్యము క్షణములో నడగిపోవును. అది రసముగా నిలువవలెనన్నచో దానికి విరహమో, భయమో, ఉత్సాహమో తోడు కావలయును. ఈ తోడును సమకూర్చుటకు ప్రాచీన నాటకమున ధ్రువాగీతములు ఉండెడివి. నాట్యశాస్త్రము వానిని ఐదు విధములుగా జెప్పినది. పాత్ర ప్రవేశించునపుడు ప్రావేశికి, వెడలునపుడు నైష్క్రామికి, సాగుచున్న రసమును భంగించి వేరొక రసమును దెచ్చునది ఆక్షేపికి, ప్రేక్షకుల మనస్సును తేటపరచునది ప్రాసాదికి, ప్రయోగమున నేర్పడిన లోపమును కప్పునది ఆంతర. ధ్రువలకు సాహిత్యము కలదు. చిత్రములందలి నేపథ్యసంగీతమునకు సాధారణముగా లేదు. అయినను రెండింటి పని యొక్కటే.

1957లో వెలువడిన 'మాయాబజార్' ఇందుకు మంచి యుదాహరణము. దర్శకుడు కె.వి. రెడ్డి. సాలూరి రాజేశ్వరరావు కొన్ని వరుసలు కూర్చిన పిమ్మట ఘంటసాల సంగీతభారమును వహించెను. ప్రియదర్శిని పేటికలో శశిరేఖ అభిమన్యుని గాంచుట ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నేర్పువలన గలిగిన వింత. ఆ వింతను విరహముగా మార్చినది సంగీతము. మాయాశశిరేఖ పెండ్లిముచ్చట పాటలో సుశీల కంఠము నడుమ ఘంటసాల కంఠము చొరబడును. సావిత్రి రూపము మారదు. ధ్వని మాత్రమే మారి, లోనున్న ఘటోత్కచుని పట్టియిచ్చును. ఇది ఆక్షేపికికి సరియైన లక్ష్యము. లాలిత్యము భంగమై హాస్యాద్భుతములు ఒక్కమారుగా పుట్టును.

2017లో వచ్చిన 'బాహుబలి' రెండవ భాగమున భల్లాలదేవుని పట్టాభిషేక ఘట్టమును దీనితో పోల్చి చూడవచ్చును. అమరేంద్రుడు సర్వసైన్యాధ్యక్షుడుగా ప్రమాణము చేయగా జనఘోష యెగసి సింహాసనచ్ఛత్రము కంపించును. కీరవాణి కూర్చిన సంగీతము జయధ్వానములతో గలిసి, ప్రజల ప్రేమను, రాజు భయమును ఒకే నాదమున వినిపించును. అసంభవమైన కంపనమును మనము ప్రశ్నింపము. ఆ రెండు భావములును సత్యములని అప్పటికే యొప్పుకొని యుందుము.

ఈ ధర్మము చలనచిత్రముతో పుట్టినది కాదు. పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి సంస్థానములు పండితపోషణకు పేరు గాంచినవి. గద్వాలకు 'విద్వద్గద్వాల' యని ప్రఖ్యాతి. వాని పొరుగున నున్న నాగర్‌కర్నూలు ప్రాంతమున డక్కలి కళాకారులు వెదురుకు సొరబుర్రలు కట్టిన కిన్నెరను మీటుచు పండుగ సాయన్న, మియాసాబు మున్నగు వీరుల కథలు పాడిరి. అచ్చట పెద్ద వాద్యబృందము లేదు, కథకుడే వాద్యకారుడు. మాట నిలిచిన చోట తీగె పలుకును. వినువారి మనస్సు కథను అందుకొనుటకు ఆ విరామము చాలును. ఆ ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెర విద్వాంసుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. అంతకు ముందటి సంవత్సరము విడుదలైన 'భీమ్లా నాయక్' శీర్షికాగీతము ఆయన కంఠముతోనే మొదలగును. తమన్ కూర్చిన భారీ వాద్యఘోష తరువాత వచ్చును. అది జానపద చిత్రము కాకున్నను, వీరుని మహిమకు ముందుగా నమ్మకమును సంపాదించి పెట్టినది కథాగాయకుని నాదమే.

కావున పరిశోధకులకు మా మనవి యొకటి. కథాగేయములను సేకరించునపుడు పదములను మాత్రమే వ్రాసికొన్నచో సగము కథయే దక్కును. గాయకుడు ఎచ్చట ఆగెను, తీగె ఎంతసేపు మ్రోగెను, ఎచ్చట హెచ్చెను అను విషయములను గూడ గుర్తింపవలయును. చిత్రములను పఠించునపుడును ఇట్లే చేయవలయును. కిన్నెర మీటువారు అరుదైన యీ కాలమున ఈ పని ఆలస్యమైనచో, పాఠము మిగిలినను అది శ్రోతల హృదయమును ఎట్లు కదలించెనో తెలిసికొను మార్గము మిగులదు.