లైసెన్సు వేరు, పౌరసత్వం వేరు

టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్తే దరఖాస్తులో రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. మీరు అమెరికా పౌరులా? ఓటరుగా నమోదు కావాలనుకుంటున్నారా? లైసెన్సు కౌంటరులోనే ఓటరు నమోదు జరగాలని 1993లో చట్టం వచ్చింది. దాన్నే ‘మోటార్ ఓటర్’ చట్టం అంటారు. గ్రీన్‌కార్డు ఉంది, పన్నులు కడుతున్నాం కదా అని రెండిటికీ ‘అవును’ అని టిక్కు పెట్టారంటే, ఏళ్ల తరబడి కట్టుకున్న బతుకు ప్రమాదంలో పడుతుంది. పౌరులమని తప్పుగా చెప్పుకుంటే దేశం నుంచే పంపించేయవచ్చు. అనుమానం ఉంటే ఆ గళ్ల దగ్గర ఆగి, మళ్లీ చదవండి.

ఓటుకు అర్హత పౌరసత్వం. గవర్నరు ఎన్నికకైనా, అధ్యక్ష ఎన్నికకైనా అంతే. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ లాంటి కొన్ని ఊళ్లు మాత్రం స్థానిక ఎన్నికల్లో పౌరులు కానివారికీ ఓటిచ్చాయి. పోలింగు కేంద్రంలో చూపించే కార్డు పని వేరు. జాబితాలో ఉన్న మనిషి మీరేనని తేల్చడానికే అది. మన ఆధార్ పౌరసత్వానికి రుజువు కానట్టే, టెక్సస్ లైసెన్సు కూడా కాదు.

ఈ తేడా మరిస్తే ఏమవుతుందో 2019లో తెలిసింది. ఓటర్ల జాబితాలో దాదాపు 95 వేల మంది పౌరులు కాకపోవచ్చని ఆ జనవరిలో టెక్సస్ ప్రభుత్వం ప్రకటించింది. లైసెన్సు తీసుకున్ననాడు వాళ్లు గ్రీన్‌కార్డో వీసానో చూపించారన్నదే ఆధారం. ఆ తర్వాత ఎందరో ప్రమాణం చేసి పౌరులయ్యారు, ఓటరుగా నమోదయ్యారు. లైసెన్సు రికార్డు మాత్రం పాతదే. విషయం కోర్టుకెక్కింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ జాబితాను వెనక్కి తీసుకుంది.

అందుకే కొత్తగా పౌరులైనవారు ప్రమాణంతో పని అయిపోయిందనుకోకూడదు. టెక్సస్‌లో పోలింగుకు 30 రోజుల ముందే కౌంటీలో నమోదు కావాలి. ఓటు రోజున లైసెన్సు, పాస్‌పోర్టు, ఫోటో ఉన్న పౌరసత్వ పత్రం వంటి ఏడు రకాల గుర్తింపుల్లో ఒకటి చాలు. కార్డు మీది చిరునామా జాబితాతో కలవకపోయినా ఫరవాలేదు.

మన పేర్లతోనే అసలు చిక్కు. ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమే. అంతమాత్రాన వెనక్కి తిరిగి రావద్దు. రెండు పేర్లూ దగ్గరగా ఉంటే, ఇద్దరూ నేనేనని అక్కడే ఒక గడిలో పొడి అక్షరాలు రాసి ఓటు వేయవచ్చు.