బాక్టీరియాను పగలగొట్టే వైరస్‌లు

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో పెద్ద ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి ఎప్పుడైనా నడిచారా? దాని పొడవు 1,072 మీటర్లు. మన పేగుల్లో నివసించే ఈ. కోలి బాక్టీరియం అంత పొడవుందనుకోండి. దానిపై దాడి చేసే టీ4 అనే వైరస్ అప్పుడు నాలుగైదు రైలు పెట్టెలంత ఉంటుంది. అసలు కొలతల్లో బాక్టీరియం సుమారు 2 మైక్రోమీటర్లు, వైరస్ అందులో పదో వంతు.

ఇటువంటి వైరస్‌లను బాక్టీరియోఫేజ్‌లు, క్లుప్తంగా ఫేజ్‌లు అంటారు. 'బాక్టీరియాను తినేవి' అని ఆ పేరుకు అర్థం. నిజానికి ఇవి ఏమీ తినవు. టీ4కు డి.ఎన్.ఎ.ను దాచుకొన్న తల, గొట్టం వంటి తోక, తోక చివర సన్నని పోగులు ఉంటాయి. ఈ పోగులు బాక్టీరియం పైపొరలో తమకు సరిపడే అణువులను పట్టుకొంటాయి. వెంటనే తోక పైతొడుగు ముడుచుకొని, లోపలి గొట్టం కణకవచాన్ని తొలుచుకొని పోతుంది. డి.ఎన్.ఎ. లోపలికి జారుతుంది. ఖాళీ డొల్ల బయటే ఉండిపోతుంది.

తరువాతి కథ తెలియాలంటే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపును తలచుకోండి. ఎన్నో తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టిన చోటు అది. ఒక రాత్రి ఎవరో అందులోకి ఒక డ్రాయింగు జారవిడిచారనుకోండి. తెల్లవారేసరికి యంత్రాలు, ఇనుము, కరెంటు అన్నీ పాత పని మాని, ఆ డ్రాయింగులోని వస్తువునే తయారుచేస్తున్నాయి! బాక్టీరియంలో జరిగేదీ ఇదే. దాని రైబోసోములు, శక్తి, ముడిపదార్థాలు ఫేజ్‌కు ఊడిగం చేస్తాయి. తలలు వేరుగా, తోకలు వేరుగా తయారై ఒకదానికొకటి అతుక్కొంటాయి. చివరకు ఒక ఎంజైము కణకవచాన్ని కరిగిస్తుంది. సుమారు అరగంటలో కణం పగిలి, వంద దాకా కొత్త ఫేజ్‌లు బయటపడతాయి. దీన్ని లైటిక్ చక్రం అంటారు.

ఫేజ్‌లకు 1917లో పేరు పెట్టిన ఫెలిక్స్ డెరెల్, 1927లో మన దేశానికి వచ్చి కలరాపై వాటిని ప్రయోగించాడు. రోగక్రిమిని దాని శత్రువుచేతనే చంపించాలన్న ఆలోచన చక్కనిదే. అయితే అన్ని ఫేజ్‌లూ శత్రువులేనా?

ఖరగ్‌పూర్‌కు దగ్గరలోని కలకత్తాలో 1959లో శంభునాథ్ దే ఒక సంగతి నిరూపించాడు. కలరా బాక్టీరియా పెరిగిన ద్రవం నుంచి బాక్టీరియాను పూర్తిగా వడకట్టి, మిగిలిన ద్రవాన్ని కుందేలు పేగులోకి ఎక్కించాడు. పేగు నీటితో ఉబ్బిపోయింది. అంటే బాక్టీరియా విడిచే విషమే రోగికి విరేచనాలు తెస్తున్నదన్న మాట.

మరి ఆ విషాన్ని తయారుచేసే జన్యువులు ఎక్కడివి? 1996లో అమెరికాలో వాల్డర్, మెకలనోస్ జవాబు చెప్పారు. దారం వంటి ఒక ఫేజ్ వాటిని మోసుకొచ్చింది! ఈ ఫేజ్ బాక్టీరియాన్ని పగలగొట్టదు. తన డి.ఎన్.ఎ.ను దాని క్రోమోసోములో కలిపేసి కాపురం పెడుతుంది. బాక్టీరియం రెండుగా చీలినప్పుడల్లా విషపు జన్యువులు పిల్ల కణాలకూ చేరతాయి. విషం లేని కలరా బాక్టీరియం సైతం ఈ ఫేజ్ సోకితే విషపూరితం కావచ్చు.

అందుకే మందులకు లొంగని బాక్టీరియాపై నేడు ఫేజ్ చికిత్స ప్రయత్నించేవారు లైటిక్ ఫేజ్‌లనే ఎంచుకొంటారు. రోగికి ఇవ్వడానికి ముందు వాటి డి.ఎన్.ఎ. మొత్తం చదివి, విషపు జన్యువులేవీ లేవని చూసుకొంటారు.