డౌన్‌లోడు ఎక్కడ ఆగుతోంది?

ఆట దిగుతూ దిగుతూ ఆగగానే అందరం తిట్టేది నెట్టునే. మిషన్ భగీరథ తాగునీటి పైపులైన్ల వెంట వేసిన టీ-ఫైబర్ ఇంటర్నెట్ 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మద్దూరుకు వచ్చింది. ఇప్పుడు నారాయణపేట జిల్లా అంటున్నా అది పాలమూరు ఊరే. అయినా నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటర్ నడిపే పిల్లలు తక్కువేం కాదు.

మొదటి చిక్కు అక్కడే. రోజుకు 2 జీబీ ప్యాక్ అయిపోతే వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఆ లెక్కన ఒక్క జీబీ దిగడానికి దాదాపు 35 గంటలు! తెర మీద ఆగిపోయినట్టే ఉంటుంది. రాత్రి 12 దాటి కొత్త రోజు కోటా రాగానే దానంతటదే పరుగందుకుందంటే కంప్యూటర్‌లో ఏ లోపమూ లేనట్టే. 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు 5 మెగాబైట్లే రావడం కూడా లోపం కాదు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. ప్రకటనల్లో పెద్ద అంకె కనిపించేది బిట్లలోనే మరి.

అసలు కథ డిస్కులో ఉంది. కంప్యూటర్ ఆటలు దించుకునే స్టీమ్ యాప్ ఆటను సుమారు ఒక్కో మెగాబైటు ముక్కలుగా కోసి, కుదించి పంపుతుంది. వచ్చిన ముక్కను విప్పాలి, పాడవలేదని సరిచూడాలి, డిస్కులో రాయాలి. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లుల ముందు చూడండి: దించుకోవడం ఆలస్యమైతే ధాన్యం ట్రాక్టర్లు రోడ్డు మీదే బారులు తీరతాయి. పాత హార్డ్ డిస్క్ రాయలేక వెనకబడితే నెట్టు కూడా అలాగే నిలబడుతుంది. అప్‌డేట్లలో ఇది మరీ ఎక్కువ. దిగేది 300 ఎంబీయే కావచ్చు, దాని కోసం 50 జీబీ పాత ఫైళ్లను తిరగరాయాల్సి రావచ్చు. అందుకు డిస్కులో ఖాళీ కూడా కావాలి.

స్టీమ్ డౌన్‌లోడ్స్ పేజీలో నిలువు కడ్డీలు నెట్‌వర్క్‌వి, వాటి మీద పాకే గీత డిస్కుది. కడ్డీలు పడిపోయి గీత లేచి ఉంటే ముట్టుకోకండి, పని నడుస్తోంది. రెండూ నేలకంటితే ముందు సెట్టింగులు చూడండి. ఏదైనా ఆట ఆడుతుంటే స్టీమ్ మామూలుగా డౌన్‌లోడును తానే ఆపుతుంది. 'అలో డౌన్‌లోడ్స్ డ్యూరింగ్ గేమ్‌ప్లే' ఆన్ చేస్తే ఆపదు. కంప్యూటర్ నిద్రలోకి జారినా ఆగుతుంది కాబట్టి విండోస్‌లో స్లీప్ సమయం పెంచండి. ఇక కరెంటు కోత. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటుంది గానీ రూటర్ ఆరిపోతుంది. దానికి సరిపడే చిన్న యూపీఎస్ ఒకటి పెడితే ఆ బాధ ఉండదు.

ఏ కారణంతో ఆగినా ఆటను తీసేసి మొదటి నుంచి దించుకోకండి. సరిచూసి రాసుకున్న ముక్కలు డిస్కులోనే ఉంటాయి. రెజ్యూమ్ నొక్కితే మిగిలినవే దిగుతాయి, మీ 2 జీబీ కోటా కూడా మిగులుతుంది.